విత్తనంలోని జన్యువు, విత్తనంపై చట్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త వంగడం వచ్చిందని వార్త కనబడగానే వాదన రెండుగా చీలిపోతుంది. ఆకలికి ఇదే విరుగుడని ఒకరు, ఇది విషమని మరొకరు. ఆ విత్తనంలో అసలు ఏం మారిందో మాత్రం ఇద్దరూ చెప్పరు. ఇక్కడ అక్కడి నుంచే మొదలుపెడదాం. ఏం మారింది, ఎలా మారింది, ఆ మార్పును చట్టం ఏ గాటన కడుతోంది, విత్తనంపై హక్కు ఎవరి చేతిలో ఉంది అన్నవే పదే పదే వచ్చే ప్రశ్నలు.

హైబ్రిడ్, జన్యుమార్పిడి, జన్యు సవరణ అన్నీ ఒకటేనా?

కావు. వీటిని కలగలిపేయడం వల్లనే సగం గొడవ. ఒకే పంటలోని రెండు భిన్నమైన వరుసలను (వంశాలను) కలిపి తీసిన మొదటి తరం విత్తనం హైబ్రిడ్. ఇందులో బయటి జన్యువు ఏదీ ఉండదు. సంకరం ద్వారా రాని జన్యువును, చాలాసార్లు వేరే జీవి నుంచి తీసుకుని, ప్రయోగశాలలో మొక్క కణంలోకి చేర్చితే అది జన్యుమార్పిడి. మొక్కలో అప్పటికే ఉన్న జన్యువును ఎంచుకున్న చోట కత్తిరించడం, అందులోని ఒకటి రెండు అక్షరాలు (డీఎన్‌ఏ గొలుసులోని రసాయన ముక్కలు) మార్చడం జన్యు సవరణ. ఒకే విత్తనంలో ఇవి కలిసి కూడా ఉండవచ్చు. భారత్‌లో అమ్మిన బీటీ పత్తి (పురుగును చంపే ఒక మట్టి సూక్ష్మజీవి జన్యువు చేర్చిన పత్తి) విత్తనాల్లో అత్యధికం అటు హైబ్రిడ్లు, ఇటు జన్యుమార్పిడి విత్తనాలు కూడా. అందుకే ఆ పంట గురించి ఎవరైనా ఫిర్యాదు చేస్తే, అది హైబ్రిడ్ గురించా, బీటీ జన్యువు గురించా అని ముందుగా అడగాలి.

మనిషి పంటల జన్యువులతో ఆడుకోవడం ఎప్పుడు మొదలైంది?

దాదాపు 9,000 ఏళ్ల కిందట, నేటి మెక్సికోలోని బాల్సాస్ నదీలోయలో టియోసింటె అనే గడ్డిని మొక్కజొన్నగా మార్చడం మొదలైంది. టియోసింటె కంకిలో పట్టుమని డజను గింజలుంటాయి. ఒక్కో గింజ చుట్టూ రాయిలాంటి పెంకు. ఆ పెంకు ఊడి గింజ బయటపడటానికి కీలకమైన మార్పు ఒకే జన్యువులో, ఒకే ఒక్క అక్షరంలో జరిగిందని ఇప్పుడు తెలుసు. ఆ గింజలను ఏరి దాచుకున్నవాళ్లకు జన్యువు అన్న మాటే తెలియదు.

వరి, గోధుమలదీ ఇదే కథ. పండిన గింజ తనంతట తాను రాలిపోవడం అడవి మొక్కకు బతుకుతెరువు. కోతకు వచ్చినవాడికి అదే నష్టం. రాలని కంకులనే మనిషి ఇంటికి తెచ్చుకున్నాడు కాబట్టి రాలని జన్యువే మిగిలింది.

ఒక జీవి జన్యువు మరో జీవిలోకి వెళ్లడం ప్రకృతిలో ఎక్కడా లేదనేవారికి చిలగడదుంపను చూపించవచ్చు. మట్టిలో ఉండే ఆగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవి తన డీఎన్‌ఏ ముక్కను మొక్కలోకి చొప్పిస్తుంది. శాస్త్రవేత్తలు జన్యుమార్పిడికి వాడుకునేది దీన్నే. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో 291 రకాల సాగు చిలగడదుంపలను పరీక్షిస్తే, అన్నింటిలోనూ ఆ సూక్ష్మజీవి తాలూకు డీఎన్‌ఏ కనిపించింది. ప్రకృతిలో జరిగింది కాబట్టి ప్రయోగశాలలో చేసేదంతా క్షేమమేనని దీనర్థం కాదు. 'సహజం' అన్న గీత మనం అనుకున్నంత స్పష్టంగా లేదని మాత్రమే.

విత్తనాలపై రేడియేషన్ ప్రయోగించి కొత్త రకాలు తీస్తారని విన్నాం. నిజమేనా?

నిజమే, అదీ చాలా కాలంగా. ఎక్స్ కిరణాలతో బార్లీ, మొక్కజొన్నల్లో జన్యుమార్పులు పుట్టించవచ్చని లూయిస్ స్టాడ్లర్ 1928లోనే చూపించాడు. ఆ తరవాత గామా కిరణాలు, రసాయనాలు వచ్చాయి. ఈ పద్ధతిలో డీఎన్‌ఏ ఎక్కడెక్కడ తెగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. వేల మొక్కలను పెంచి, పనికొచ్చేవి ఉంచుకుని, మిగతావి పారేస్తారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి నిర్వహించే జాబితాలో ఇలా పుట్టిన రకాలు 3,000 పైచిలుకు ఉన్నాయి. బ్రిటన్‌లో పేరుమోసిన గోల్డెన్ ప్రామిస్ బార్లీ వాటిలో ఒకటి. చాలా దేశాల్లో వీటికి ప్రత్యేక జీవభద్రతా అనుమతి అక్కర్లేదు. గుడ్డిగా వెయ్యి చోట్ల కొట్టిన దెబ్బకు అనుమతి వద్దు, గురిచూసి ఒక్కచోట వేసిన గాటుకు కావాలి. కింద వచ్చే చట్టాల ప్రశ్నలకు ఇదే మూలం.

హరిత విప్లవం వెనుక ఉన్న జన్యువు ఏమిటి?

పొట్టితనం. పాత వరి, గోధుమ రకాలకు ఎరువు ఎక్కువ వేస్తే పైరు ఏపుగా పెరిగి, గింజ బరువుకు నేలకొరిగేది. కాండం పొట్టిగా, గట్టిగా ఉంటే ఆ ఎరువు గింజగా మారుతుంది. గోధుమలో ఈ గుణం జపాన్ రకమైన నోరిన్-10 నుంచి వచ్చింది. దాన్ని మెక్సికోలో వాడుకున్న నార్మన్ బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. వరిలో తైవాన్‌కు చెందిన డీ-జియో-వూ-జెన్ అనే పొట్టి రకాన్ని ఇండోనేసియా పొడవు రకం పేటాతో సంకరం చేసి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8ను విడుదల చేసింది.

ఆ పొట్టితనానికి కారణం 2002లో తేలింది. ఎదుగుదల హార్మోను తయారీలో పాలుపంచుకునే ఒక జన్యువులో 383 అక్షరాలు ఊడిపోయాయి. అంతే. ఆసియా ఖండం అన్నం కుండను మార్చింది ఒక లోపమే. ఈ 383 అక్షరాలను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వీటి దగ్గరికి రావాలి.

ఇక ఆ విప్లవం ఖరీదు. నీరు, ఎరువు, పురుగుమందు పుష్కలంగా ఉన్నచోటే ఆ రకాలు సత్తా చూపాయి. అవి లేని మెట్ట ప్రాంతాలు, చిరుధాన్యాలు వెనకబడ్డాయి. వేల స్థానిక రకాల స్థానంలో కొన్ని రకాలే పరుచుకున్నాయి. ఇందులో తప్పు జన్యువుదని నేననను. ఏ పంటకు డబ్బు పెట్టాలో, ఏ పంటను కొనాలో నిర్ణయించినవి ప్రభుత్వాలు.

హైబ్రిడ్ విత్తనాన్ని మరుసటి ఏడాదికి ఎందుకు దాచుకోలేం?

దాచుకోవచ్చు, మొలుస్తుంది కూడా. కాకపోతే పైరు ఒకేలా ఉండదు. రెండు భిన్నమైన వరుసల కలయికతో మొదటి తరంలో కనిపించే ఏపు, రెండో తరంలో జన్యువులు విడిపోవడంతో చెదిరిపోతుంది. ఒక మొక్క పొడవు, ఒకటి పొట్టి, ఒకటి ముందు పూస్తే ఇంకొకటి వెనక. 20వ శతాబ్దం మొదట్లో జార్జ్ షల్ మొక్కజొన్నలో ఈ సూత్రాన్ని చూపాక విత్తన వ్యాపారం స్వరూపమే మారిపోయింది. ఏటా కొనక తప్పని విత్తనం కాబట్టి కంపెనీకి పేటెంటు అవసరం కూడా లేకపోయింది. తాళం విత్తనంలోనే ఉంది.

అయితే మొలకెత్తని 'టెర్మినేటర్' విత్తనాలు అమ్ముతున్నారన్నది?

అమ్మలేదు. అలాంటి సాంకేతికతకు అమెరికా వ్యవసాయ శాఖ, డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అనే విత్తన కంపెనీ కలిసి 1998 మార్చిలో పేటెంటు పొందిన మాట వాస్తవం. ప్రపంచమంతటా వ్యతిరేకత వచ్చింది. దాన్ని వాణిజ్యపరంగా వాడబోమని అమెరికా విత్తన కంపెనీ మోన్‌శాంటో 1999లో ప్రకటించింది. 2000లో జీవవైవిధ్య ఒడంబడిక దేశాలు దాన్ని పొలాల్లోకి రానివ్వరాదని తీర్మానించాయి. రైతులకు ఎదురైన అసలు ఇబ్బంది హైబ్రిడ్ విత్తనపు స్వభావం, లేదా విత్తనం దాచుకోబోనని కొనేటప్పుడు పెట్టించుకున్న సంతకం. ఈ వదంతి ఇంతకాలం బతికిందంటే, దానికి పోసిన నీరు ఆ భయమే.

బీటీ పంట పురుగును ఎలా చంపుతుంది? మనకు హాని చేయదా?

బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి సూక్ష్మజీవి ఒక ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. గొంగళిపురుగు పేగుల్లోని క్షార గుణంలో అది కరిగి, పేగు గోడపై తనకు సరిపోయే గ్రాహకాన్ని పట్టుకుని రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మానేసి చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, ఆ గ్రాహకాలు మన పేగుల్లో లేవు. సేంద్రియ రైతులు ఈ సూక్ష్మజీవినే దశాబ్దాలుగా పిచికారీ చేస్తున్నారు. పిచికారీ చేసినది ఎండకు త్వరగా పాడైపోతుంది. బీటీ మొక్క మాత్రం ఆ ప్రొటీన్‌ను పంటకాలమంతా తయారుచేస్తూ ఉంటుంది. బలమూ అదే, బలహీనతా అదే.

మరి గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని ఎలా జయించింది?

జన్యుశాస్త్రం, వ్యవసాయం, చట్టం ఒకే చేలో కలుసుకున్న ఘట్టం ఇది. కాస్త తీరిగ్గా చూద్దాం.

ఎంత విషమైనా తట్టుకునే పురుగులు లక్షల్లో ఒకటో రెండో ఉంటాయి. చుట్టూ బీటీ పత్తే ఉంటే మిగతావన్నీ చచ్చి ఇవే మిగులుతాయి, ఒకదానితో ఒకటి జతకడతాయి, పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి. దీనికి విరుగుడుగా కొంత మేర బీటీ కాని పత్తి వేయాలన్నారు. దాని పేరు ఆశ్రయ పంట. అందులో మామూలు పురుగులు హాయిగా పెరిగి, తట్టుకునే పురుగులతో జతకడితే, పుట్టే పిల్లలు మళ్లీ బీటీకి లొంగుతాయి. తట్టుకునే గుణం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పనిచేసే రకమైతే ఈ లెక్క కుదురుతుంది.

అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచి బీటీ పత్తి వేశారు. రైతులు ఆశ్రయ పంటను శ్రద్ధగా పాటించారు. 2006 నుంచి సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి భారీగా వదిలారు. 2018లో ఆ దేశపు పత్తి ప్రాంతాల నుంచి గులాబీ రంగు పురుగు పూర్తిగా పోయిందని ప్రకటించారు.

భారత్‌లో 2002లో ఒక జన్యువున్న బీటీ పత్తికి, 2006లో రెండు జన్యువులున్నదానికి అనుమతి వచ్చింది. పొలంలో 20 శాతం లేదా చుట్టూ ఐదు వరుసలు, ఏది ఎక్కువైతే అది, బీటీ కాని పత్తి వేయాలన్నది నిబంధన. విత్తన ప్యాకెట్‌తో పాటు వేరే చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. చిన్న కమతమున్న రైతు తెలిసి తెలిసి ఐదో వంతు చేనును పురుగుకు అప్పగిస్తాడా? ఆ ప్యాకెట్ చాలాచోట్ల మట్టి ముఖమే చూడలేదు. దానికి తోడు ఎక్కువ కాలం చేనులో నిలిచే హైబ్రిడ్లు, కోత అయ్యాక కూడా పీకకుండా ఉంచేసిన మోళ్లు. పురుగుకు ఏడాది పొడవునా విందే. మొదటి జన్యువును తట్టుకున్నట్టు 2010లో బయటపడింది, 2015 నాటికి రెండోదీ ఓడిపోయింది.

చైనాలో ఇంకో సంగతి జరిగింది. బీటీ హైబ్రిడ్ల నుంచి తీసిన రెండో తరం విత్తనాన్ని అక్కడ విస్తారంగా వేశారు. ఆ విత్తనంలో జన్యువులు విడిపోయి, నాలుగింట ఒక వంతు మొక్కలు బీటీ లేనివిగా మొలిచాయి. ఎవరూ అనుకోకుండానే చేనంతా ఆశ్రయ పంట కలిసిపోయింది, తట్టుకునే గుణం తగ్గుముఖం పట్టింది. పురుగు అదే, ప్రొటీన్ అదే, మూడు చోట్లా ఫలితం వేరు. పాటించలేని నిబంధన రాసి, దాన్ని పాటించలేదని రైతును నిందించడం సులువు. విత్తనంలోనే బీటీ కానివి కలిపి ఇచ్చి ఉంటే నిబంధన దానంతట అదే అమలయ్యేది. భారత్‌లో ఆ పద్ధతి వచ్చేసరికి పురుగు ముందుకు సాగిపోయింది.

కలుపుమందును తట్టుకునే పంటలన్నీ జన్యుమార్పిడివేనా?

కాదు. గ్లైఫోసేట్‌ను తట్టుకునే సోయాబీన్ 1996లో అమెరికాలో జన్యుమార్పిడితో వచ్చింది. ఇమిడజోలినోన్ అనే మరో కలుపుమందుల కుటుంబాన్ని తట్టుకునే రకాలను మాత్రం రసాయన ఉత్పరివర్తనంతో (రసాయనాలతో డీఎన్‌ఏలో మార్పులు పుట్టించడంతో), కణాల ఎంపికతో తీశారు. చాలా దేశాల చట్టం దృష్టిలో ఇవి మామూలు విత్తనాలే. పొలంలో రెంటి ప్రభావం ఒక్కలాంటిదే. ఒకే మందును ఏళ్ల తరబడి చల్లితే దాన్ని తట్టుకునే కలుపు పుడుతుంది, అమెరికా పత్తి చేలలో తోటకూర జాతి కలుపు ఒకటి అలాగే విజృంభించింది. పంటను ఎలా తయారుచేశారన్నది ఆ కలుపుకు అక్కర్లేదు.

క్రిస్పర్ అంటే ఏమిటి?

సూక్ష్మజీవులు తమపై దాడిచేసే వైరస్‌లను గుర్తుపట్టి ముక్కలు చేయడానికి వాడే ఏర్పాటు. దాన్ని మనం కోరిన చోట డీఎన్‌ఏను కత్తిరించే కత్తెరగా మలచవచ్చని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే బృందం చూపించింది. వారిద్దరికీ 2020లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. కత్తిరించిన చోటును కణం తనే అతుక్కుంటుంది, అతుక్కునేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు పోతాయి, జన్యువు మూగబోతుంది. ఇది మొదటి రకం సవరణ. చిన్న నమూనా ఇచ్చి దాని ప్రకారం అతుక్కోమనడం రెండో రకం. ఆ చోట ఏకంగా కొత్త జన్యువునే పెట్టడం మూడో రకం, అది ఇంచుమించు జన్యుమార్పిడే. చట్టాలన్నీ ఈ మూడింటి మధ్య ఎక్కడ గీత గీయాలా అని తర్జనభర్జన పడుతున్నాయి.

ఒకే విత్తనాన్ని ఒక్కో దేశం ఒక్కోలా ఎందుకు చూస్తుంది?

కొన్ని చట్టాలు విత్తనాన్ని ఎలా తయారుచేశారని అడుగుతాయి. కొన్ని తయారైనదాంట్లో కొత్తగా ఏముందని అడుగుతాయి. తేడా అంతా ఇక్కడే.

కెనడాది రెండో దారి. మొక్కకు కొత్త గుణం వచ్చిందా, దానివల్ల ముప్పుందా అన్నదే అక్కడి ప్రశ్న. ఉత్పరివర్తనంతో వచ్చిన, కలుపుమందును తట్టుకునే రకాలు కూడా అక్కడ పరీక్షకు నిలబడాల్సిందే. ఐరోపా సమాఖ్యది మొదటి దారి. 2001 నాటి ఆదేశం జన్యుమార్పిడిని నిర్వచించి, ఎప్పటినుంచో వాడుతున్న ఉత్పరివర్తన పద్ధతులకు మినహాయింపు ఇచ్చింది. జన్యు సవరణకు ఆ మినహాయింపు వర్తించదని ఐరోపా న్యాయస్థానం 2018 జూలై 25న తేల్చింది. కిరణాలతో చితక్కొట్టినది మామూలు విత్తనం, కత్తెరతో ఒక అక్షరం తీసినది జన్యుమార్పిడి విత్తనం. ఈ మెలికను విప్పడానికి ఐరోపా కమిషన్ 2023 జూలైలో కొత్త చట్టాన్ని ప్రతిపాదించింది.

బయటి జన్యువు మిగలని సవరణను జన్యుమార్పిడిగా చూడనక్కర్లేదని అర్జెంటీనా 2015లోనే అందరికంటే ముందు నిర్ణయించింది. భారత్ 2022 మార్చిలో మొదటి రెండు రకాల సవరణలకు జన్యుమార్పిడి నిబంధనల్లో కీలకమైనవాటి నుంచి మినహాయింపు ఇచ్చింది, 2025 మేలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఇంగ్లండ్ 2023లో ప్రత్యేక చట్టం చేసుకుంది. అమెరికా 2020లో నిబంధనలను సడలిస్తే, 2024 డిసెంబరులో ఒక ఫెడరల్ న్యాయస్థానం వాటిని కొట్టివేసింది.

ఇప్పుడు ఐఆర్-8 పొట్టితనానికి వద్దాం. సరిగ్గా ఆ 383 అక్షరాలనే ఇవాళ క్రిస్పర్‌తో తీసేశారనుకోండి. సంకరంతో వస్తే ఏ దేశంలోనూ ప్రశ్న లేదు. కత్తెరతో వస్తే 2018 తీర్పు ప్రకారం ఐరోపాలో ఏళ్లు పట్టే అనుమతి ప్రక్రియ, అర్జెంటీనాలో మినహాయింపు. తుది మొక్కను పరీక్షించి ఏది ఎలా వచ్చిందో చెప్పమంటే ప్రయోగశాల కూడా చేతులెత్తేయవచ్చు. అమలుచేయలేని గీతను గీసిన చట్టం నిజాయితీగా చెప్పినవాడిని మాత్రమే పట్టుకుంటుంది. అందుకే కెనడా దారి నాకు సబబుగా అనిపిస్తుంది. అయితే ఆ దారికీ ఓ చిక్కుంది: 'కొత్త గుణం' అంటే ఏమిటో ప్రతిసారీ ఎవరో ఒకరు నిర్ణయించాలి.

జన్యుమార్పిడి పంటలు తింటే ప్రమాదమా?

అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీల సంఘం 2016లో వందలాది పరిశోధనలను వడపోసి, అప్పటికి మార్కెట్లో ఉన్న జన్యుమార్పిడి పంటల వల్ల మామూలు పంటలకు మించిన ఆరోగ్య ముప్పు ఉందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని చెప్పింది. జన్యుమార్పిడి వల్ల అమెరికాలో దిగుబడి పెరిగే వేగం హెచ్చిందనడానికీ గణాంకాల్లో ఆధారం లేదని అదే నివేదిక చెప్పింది. మొదటి వాక్యాన్ని ఒక శిబిరం, రెండో వాక్యాన్ని ఇంకో శిబిరం కత్తిరించి పెట్టుకున్నాయి.

నిజానికి 'జన్యుమార్పిడి క్షేమమా' అన్న ప్రశ్నే సరిగా లేదు. 1967లో అమెరికాలో లెనాపే అనే బంగాళాదుంపను విడుదల చేశారు. అచ్చంగా సంకరంతో తీసినదే. అందులో సొలనిన్ జాతి విషాలు మోతాదు మించాయని తేలి, 1970లో వెనక్కి తీసుకున్నారు. మరోవైపు, సోయాబీన్‌లో పోషకం పెంచడానికి బ్రెజిల్ నట్ జన్యువును చేర్చారు. అది ఆ గింజ పడనివారికి సోయాలోనూ ఎలర్జీ తెప్పిస్తుందని పరీక్షల్లో తేలడంతో ఆ పని మానేశారు, ఫలితాన్ని 1996లో ప్రచురించారు. మొదటిదాన్ని పరీక్షించాలని ఏ చట్టమూ అడగలేదు, రెండోదాన్ని పరీక్ష పట్టుకుంది.

పరీక్ష పట్టుకోవడం వేరు, పొలంలో విడిగా ఉంచడం వేరు. పశువుల దాణాకే అనుమతి ఉన్న స్టార్‌లింక్ మొక్కజొన్న 2000లో అమెరికాలో మనుషుల ఆహారంలో తేలింది. జబ్బు చేసిందని రుజువు కాలేదు, కానీ కాగితం మీద గీసిన గోడ గిడ్డంగిలో నిలబడదని రుజువైంది.

లాభాపేక్ష లేకుండా తయారైన పంటలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, వాటి తలరాతలు మాత్రం తలో రకం. హవాయిలో బొప్పాయి తోటలను రింగ్‌స్పాట్ వైరస్ తుడిచిపెడుతుంటే, డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం ఆ వైరస్ పైతొడుగు జన్యువునే బొప్పాయిలో పెట్టింది. 1998లో రైతులకు విత్తనం ఉచితంగా పంచారు, తోటలు బతికాయి.

విటమిన్ 'ఎ'గా మారే పదార్థమున్న గోల్డెన్ రైస్‌ను ఇంగో పోట్రికుస్, పీటర్ బైయర్ 2000లో ప్రకటించారు. ఫిలిప్పీన్స్‌లో సాగుకు అనుమతి రావడానికి 2021 దాకా పట్టింది, 2024 ఏప్రిల్‌లో అక్కడి అప్పీళ్ల న్యాయస్థానం దాన్ని ఆపేసింది. ఆలస్యానికి కారణం వ్యతిరేకులేనని ఒక వర్గం అంటుంది. తొలి వంగడంలో ఆ పదార్థం చాలా తక్కువగా ఉందని, మెరుగైనది 2005లో గానీ రాలేదని వాళ్లు చెప్పరు.

నాకు ఇష్టమైనది మాత్రం జన్యుమార్పిడి కాదు. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్-13ఎ అనే పాత రకం వరి రెండు వారాల పాటు నీట మునిగినా బతుకుతుంది. ఆ గుణాన్నిచ్చే జన్యువును 2006లో గుర్తించారు. డీఎన్‌ఏ గుర్తుల సాయంతో, ప్రతి తరంలో ఆ జన్యువున్న మొక్కలనే ఏరుతూ, విస్తారంగా సాగయ్యే స్వర్ణ రకంలోకి మామూలు సంకరంతోనే దించారు. స్వర్ణ సబ్-1 2009లో విడుదలైంది. పెద్దగా ధర్నాలు జరగలేదు, పెద్దగా పండుగలూ జరగలేదు.

విత్తనం ఎవరి సొత్తు?

ఒకప్పుడు ఈ ప్రశ్నకే అర్థం ఉండేది కాదు. ఐరోపాలో 1961లో కుదిరిన ఉపోవ్ ఒడంబడిక కొత్త రకం తీసినవారికి హక్కు కల్పించింది. రకం ప్రత్యేకంగా, ఏకరూపంగా, స్థిరంగా ఉండాలి. 1991 సవరణతో రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవడం హక్కుగా కాక, దేశాలు కావాలనుకుంటే ఇచ్చే వెసులుబాటుగా మారింది. భారత్ అందులో చేరకుండా 2001లో సొంత చట్టం చేసుకుంది. రక్షణ పొందిన రకమైనా రైతు దాచుకోవచ్చు, విత్తవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మవచ్చు. బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు. ప్రజనన శాస్త్రవేత్తకూ రైతుకూ ఒకే చట్టంలో చోటిచ్చిన అరుదైన ప్రయత్నమది.

పేటెంటుది ఇంకో లోకం. జీవిపై పేటెంటు ఇవ్వవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1980లో తీర్పునిచ్చింది. ఆ కేసులోని సూక్ష్మజీవిని మలచినది ఆనంద చక్రవర్తి. 2013లో అదే కోర్టు ముందుకు వచ్చిన బోమన్ అనే రైతు, పేటెంటున్న రకం కలిసిన సోయాను ధాన్యపు గిడ్డంగిలో కొని విత్తనంగా వేసుకున్నాడు. విత్తనం తనంతట తానే మొలిచి పెరుగుతుంది, నేను నకలు తీయలేదు అన్నది ఆయన వాదన. తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒప్పుకోలేదు.

అనుమతులు ఎంత ఖరీదైతే, వాటిని భరించగలిగేవాళ్లు అంత తక్కువ. 2017లో చైనా ప్రభుత్వ కంపెనీ కెమ్‌చైనా స్విస్ విత్తన, పురుగుమందుల కంపెనీ సింజెంటాను, 2018లో జర్మనీ కంపెనీ బేయర్ మోన్‌శాంటోను కొన్నాయి. కఠిన నిబంధనలు కోరేవారు, గుత్తాధిపత్యాన్ని వ్యతిరేకించేవారు తరచూ ఒకే మనుషులు. ఆ రెండు కోరికలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయని వారికి నచ్చజెప్పడం కష్టం.

పక్క చేను పుప్పొడి నా చేలో పడితే నాపై కేసు పెడతారా?

ఎక్కువమంది చెప్పే ఉదాహరణ కెనడా రైతు పెర్సీ ష్మైసర్. గాలికి వచ్చి పడిన నాలుగు కనోలా (ఆవ జాతి నూనెగింజ) మొక్కల కోసం మోన్‌శాంటో కంపెనీ ఆయన్ను కోర్టుకు ఈడ్చిందన్నది ప్రచారంలో ఉన్న కథ. కోర్టు నమోదు చేసినదాని ప్రకారం, కలుపుమందు చల్లితే చావని మొక్కల విత్తనాన్ని దాచి ఆయన మరుసటి ఏడాది వేశాడు, 1998 పంటలో 95 శాతానికి పైగా అదే. 2004లో కెనడా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కంపెనీ పేటెంటును సమర్థించింది, కానీ ఆ గుణం వల్ల ఆయనకు అదనపు లాభం రాలేదు కాబట్టి పైసా చెల్లించనక్కర్లేదంది. అయితే కలుషితం వల్ల నష్టం రాదని కాదు. 2006లో అనుమతిలేని జన్యుమార్పిడి వరి అమెరికా బియ్యంలో బయటపడి ఎగుమతులు దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు నష్టపరిహారం ఎవరివ్వాలో ముందే రాసిపెట్టుకున్న దేశాలు కొన్నే.

పాత రకాలను భద్రపరిస్తే ఏం లాభం?

1970లో అమెరికా మొక్కజొన్నలో దాదాపు 85 శాతానికి ఒకే తల్లి వరుస తాలూకు కణద్రవ్యం ఉండేది. దాన్నే ఎంచుకుని దాడిచేసే ఆకుమాడు తెగులు వచ్చింది, పంటలో సుమారు 15 శాతం పోయింది. ఇలాంటప్పుడు వెతుక్కోవాల్సింది పాత రకాల్లోనే. వరి గ్రాసీ స్టంట్ వైరస్‌కు విరుగుడు కోసం వేల నమూనాలను జల్లెడపడితే, దొరికింది భారత్ నుంచి సేకరించిన ఒక అడవి వరిలో.

ఈ అవసరాన్ని ముందే గ్రహించి ఖండాలు తిరిగి విత్తనాలు పోగుచేసిన సోవియట్ వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వవిలోవ్ 1943లో స్టాలిన్ జైల్లో చనిపోయాడు. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆయన సహచరులు చుట్టూ ధాన్యపు సంచులుండగానే ఆకలితో ప్రాణాలు వదిలారు, ఆ గింజలు ముట్టలేదు. 2008లో నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో తెరిచిన విత్తన ఖజానా నుంచి తొలిసారి నమూనాలు వెనక్కి తీసుకున్నది 2015లో, సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి తన విత్తన బ్యాంకును వాడుకోలేకపోయిన ఇకార్డా అనే మెట్ట ప్రాంతాల వ్యవసాయ పరిశోధన సంస్థ.

గింజల్లేని పుచ్చకాయ జన్యుమార్పిడిదేనా?

కాదు. కాల్చిసిన్ అనే రసాయనంతో పుచ్చ మొక్క క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేస్తారు. ఆ మొక్కను మామూలు పుచ్చతో కలిపితే జతలకు బదులు మూడేసి క్రోమోజోములున్న విత్తనం వస్తుంది, దాని కాయల్లో గింజలు గట్టిపడవు. 20వ శతాబ్దం మధ్యలో జపాన్‌లో హితోషి కిహారా బృందం రూపొందించిన పద్ధతి ఇది. ఒక అక్షరం కాదు, పుస్తకం మొత్తాన్ని రెండుసార్లు అచ్చేశారన్నమాట. దీనికి జన్యుమార్పిడి అనుమతి కావాలని ఐరోపా చట్టం కూడా అడగదు.